పర్చూరు పత్తిచేలును, జత విడిపోవు విత్తనమును

చిలకలూరిపేటనుండి చీరాలకు పోవు బాట నడుమ, కనుచూపుమేర పరచుకొనిన నల్లరేగడిలో పర్చూరు నిలిచియున్నది. 1970వ సంవత్సరమువరకు ఈ యూరు గుంటూరు జిల్లాలోనిది. ఆ యేటి ఫిబ్రవరిలో క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో చేరి, 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి పేరు పెట్టగా ప్రకాశము జిల్లాలోనిదై, 2022 ఏప్రిలునుండి బాపట్ల జిల్లాలోనిదైనది. ఇన్నిమార్లు చిరునామా మారినను, వేసవిలో నెఱ్ఱెలు విచ్చుచు, ఒకమారు గట్టిగా తడిసిన పిమ్మట నెలల తరబడి తేమను కడుపున దాచుకొను ఆ నేల స్వభావము మాత్రము మారలేదు. ఆ స్వభావమే పత్తిని, పొగాకును, మిరపను, శనగను ఇచ్చటికి రప్పించినది. ఈ పైరులలో పత్తిగింజ చరిత్రను, అది రైతు యింటినుండి అంగడి పొట్లములోనికి పోయిన క్రమమును, ఆ పోకకు ఆధారమైన యొక సూక్ష్మమగు జీవధర్మమును గూర్చి వ్రాయదలచితిని. జంటగా నుండు జన్యురూపాంతరములు బీజకణము లేర్పడు వేళ విడిపోవుటయే ఆ ధర్మము. శాస్త్రగ్రంథములలో దీనిని పృథక్కరణ సూత్రమందురు. పర్చూరు ప్రాంతపు రైతులలో ఆ పేరు విన్నవారు కొందరే యైనను, దాని ఫలితము ననుభవింపని పత్తిరైతు లేడు.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ రేగళ్ళలో పండిన పత్తిని వర్తకులు కోకనాడ పత్తి యనిరి. కాకినాడ రేవున ఓడ లెక్కుటచే దాని కా పేరు వచ్చెను. అది నాటుజాతి. దూది తెల్లనిది గాక కావివన్నె కలసినది, పింజ పొట్టి, మిల్లులలో సన్ననూలు వడకుటకు పనికిరానిది. అయినను వాన ముందువెనుకలైనను, పురుగు తగిలినను తట్టుకొని, పెట్టుబడి పెద్దగా కోరక, ఎంతో కొంత చేతికిచ్చు మొండిపైరు. ఆనాడు విత్తనము కొనవలసిన వస్తువు కాదు. మంచి కాయలనుండి తీసిన పత్తిని వేరుగా నుంచి, ఇంటి రాట్నముపై గింజ తీసి, అందు ఏరినవానిని విత్తనమునకు దాచి, తక్కినవి నానబెట్టి రుబ్బి ఎడ్లకును పాడిగేదెలకును పెట్టెడివారు. ఒంగోలుజాతి గిత్తల పోషణలో పత్తిగింజల పాలు ఎంతటిదో ఈ సీమలో పశువులను పెంచినవారి నడుగవలెను. అదను రాగానే, దాచిన గింజలను పేడనీటితోను బూడిదతోను నలిపి, నూగు అణగి గింజకు గింజ అంటుకొనకుండునట్లు ఆరబెట్టి, గొఱ్ఱు జడ్డిగములో వేసి విత్తెడివారు.

ఈ పద్ధతిని తలచుకొని, ఆనాటి విత్తనము పరమశుద్ధమైనదని కన్నీరు పెట్టువారు నేడు కలరు. వారితో నేను పూర్తిగా నేకీభవింపజాలను. జిన్నింగు మిల్లులు వచ్చినది మొదలు నాలుగూళ్ళ పత్తి యొక్కచో పడి, ఏ చేని గింజ యేదో తెలియక, రైతు మిల్లునుండి తిరిగి తెచ్చుకొనిన విత్తనము కలగూరగంపగా మారుట అప్పుడే ఆరంభమైనది. ఈ కల్తీ దేశమంతట ప్రబలుటచేతనే 1921లో ఇండియన్ సెంట్రల్ కాటన్ కమిటీ యేర్పడి, 1923లో పత్తి రవాణా చట్టమును, 1925లో జిన్నింగు, ప్రెస్సింగు ఫ్యాక్టరీల చట్టమును పుట్టినవి. కావున ఇల్లు విడిచి మిల్లుకు పోవుట విత్తనపు తొలి ప్రయాణము. అది శాస్త్రము చేయించినది కాదు, యంత్రము చేయించినది. రెండవ ప్రయాణమునకు మాత్రము మూలము యూరపు ఖండమున ఒక మఠపు పెరటిలో నున్నది.

బ్రూన్ నగరమున (నేటి చెక్ దేశపు బర్నో) అగస్టీను మఠములో సన్న్యసించిన గ్రెగర్ మెండెల్, 1856 మొదలు ఎనిమిదేండ్లపాటు బఠాణీ మొక్కలను పెంచి, ఒకదాని పుప్పొడిని మరియొకదానికి తాకించి, పుట్టిన సంతతిని తరతరములుగా లెక్కించెను. నున్నని గింజల జాతిని ముడుతల గింజల జాతితో కలిపినప్పుడు తొలితరమున అన్నియు నున్ననివే. ఆ మొక్కలను తమలో తామే ఫలింపనిచ్చినప్పుడు వచ్చిన 7,324 గింజలలో 5,474 నున్ననివి, 1,850 ముడుతలవి; అనగా రమారమి మూడింటి కొకటి. అంతటితో నాతడు తృప్తిపడలేదు. ఆ నున్నని గింజలనుండి 565 మొక్కలను పెంచి చూడగా, 193 మొక్కలు నున్ననివే కాచెను. 372 మొక్కలు మరల రెండు రకములను కాచెను. పైకి ఒక్కటిగా కనబడు గింజలలో లోపల రెండు విధములవి గలవని, వాని పాళ్ళు ఒకటికి రెండని దీనివలన తేలినది. 1865 ఫిబ్రవరి, మార్చి నెలలలో రెండు సభలలో చదివి, 1866లో అచ్చువేయించిన ఆ వ్యాసమును ముప్పదినాలుగేండ్లు లోకము పట్టించుకొనలేదు. 1900వ సంవత్సరమున డి వ్రీస్, కోరెన్స్, షెర్మాక్ అను మువ్వురు వేర్వేరుగా అవే నిష్పత్తులను చూచి, వెనుకకు వెదకి మెండెలును బయటికి దీసిరి. అప్పటికి ఆతడు చనిపోయి పదునారేండ్లు.

ఆయన యూహించినది క్లుప్తముగా నిది. ఒక్కొక్క లక్షణమునకు మొక్కలో రెండేసి కారకము లుండును. ఒకటి తల్లివైపుది, ఒకటి తండ్రివైపుది. ఇవి ఒకే కణములో ఎంతకాలము కలసియున్నను ఒకదానిలో నొకటి కరగిపోవు. ఉమ్మడి కుటుంబములో ఒకే పొయ్యిమీద వండుకొని తినిన అన్నదమ్ములు వేరుపడునాడు ఎవరి వాటా వారు చెక్కుచెదరక పట్టుకొనిపోవునట్లు, పుప్పొడియు అండమును ఏర్పడు వేళ ఆ జత విడిపోయి, ఒక్కొక్క బీజకణమున కొక్కటియే చేరును. ఏది యే కణమునకు పోవునన్నది యాదృచ్ఛికము. సగము వాని కిది, సగము వాని కది. ఫలదీకరణమున మరల రెండు రెండు కలియును. తొలితరమున మఱుగుపడిన ముడుత రెండవ తరమున నాలుగింట నొకవంతు పైకి తేలుట, దాని కారకము నశింపక మరియొకదాని చాటున దాగియుండుటవలననే. ఇట్లు దాగుదానిని అంతర్గతమనియు, పైకి కనబడుదానిని బహిర్గతమనియు మన పాఠ్యపుస్తకములు వ్యవహరించుచున్నవి.

కణములోపల ఈ విడిపోవుట నెవరు చూచిరి? అమెరికాలో వాల్టర్ సట్టన్ అను యువకుడు మిడత వృషణములను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, శుక్రకణము లేర్పడు వేళ క్రోమోసోములు జతలుజతలుగా నిలిచి, పిదప చెరియొక వైపునకు తొలగిపోవుటను గమనించి, 1902, 1903 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములలో మెండెల్ కారకముల నడక ఇదియే కావలెనని వ్రాసెను. అదే కాలమున జర్మనీలో థియొడోర్ బొవేరియు ఈ త్రోవనే నడిచెను. మన కోకనాడ పత్తి మొక్క యొక్కొక్క కణములో 26 క్రోమోసోములుండగా పుప్పొడిరేణువునకు వచ్చునవి 13. తరువాత వచ్చిన అమెరికా పత్తిలో 52 ఉండగా రేణువునకు 26. క్షయకరణ విభజన యను ఆ క్రియ పత్తిమొగ్గ లోపల, మనము గూడ అని పిలుచు ఆ చిన్న ఆకుపచ్చ ముడిలో, పువ్వు విచ్చుటకు బహుదినములు ముందే ముగిసియుండును.

ఇచ్చట మన రాజధానిలోనే జరిగిన యొక ముచ్చట చెప్పవలెను. పాఠ్యగ్రంథములు దీనికి తగిన చోటియ్యలేదని నా యభిప్రాయము. నాటి మద్రాసు రాజధానికంతటికి కోయంబత్తూరులో వ్యవసాయ కళాశాలయు దానికి చేరిన పరిశోధనక్షేత్రమును ఉండెను. గుంటూరు మండలమును ఆ యేలుబడిలోనిదే. అచ్చట ఎఫ్. ఆర్. పార్నెల్ అను నాంగ్లేయుడు, జి. ఎన్. రంగస్వామి అయ్యంగారు, కె. రామయ్య యనువారితో కలసి వరిలో లక్షణములు తరతరములకు సంక్రమించు తీరును పరిశోధించి 1917లో నొక నివేదికను ప్రకటించెను. వరిలో జిగురుబియ్యపు జాతులు కొన్ని కలవు. మామూలు బియ్యపు పిండిని అయొడిన్ ద్రవము తాకిన నీలమగును. జిగురుబియ్యపు పిండి నీలము కాక ఎఱ్ఱబారును. ఈ రెండు జాతులను కలిపిన సంకరపు మొక్కలో పుప్పొడిని తీసి అయొడిన్ చుక్క వేసి చూడగా, ఒకే మొక్కలో, ఒకే పూవులో, సగము రేణువులు నీలముగను సగము ఎఱ్ఱగను కనబడెను. 1921లో 'జర్నల్ ఆఫ్ జెనెటిక్స్' పత్రికలో పార్నెల్ దీనిని నాలుగు పుటల చిన్న వ్యాసముగా ప్రకటించెను.

దీని గొప్పతన మెందున్నది? మెండెల్ విడిపోవుటను చూడలేదు. మనుమల ముఖములు చూచి తాతల లోపలి సంగతి నూహించినవాడు. మిడతలో సట్టన్ చూచినది క్రోమోసోములనే కాని గుణములను గాదు. పుప్పొడిరేణువునందు గుణకారకము ఒక్కటే యుండును గావున, బహిర్గతము చాటున అంతర్గతము దాగుటకు తావు లేదు. కావున కోయంబత్తూరులో అయొడిన్ చుక్కక్రింద జత విడిపోయిన మరుక్షణమే, సంతతికొఱకు వేచియుండ నక్కరలేక, కంటికి కనబడినది. మొక్కజొన్న పుప్పొడిలో నిట్టి దృశ్యమును అమెరికావారు ప్రకటించినది ఆ తరువాత మూడేండ్లకు. ఈ పార్నెలే పిదప దక్షిణాఫ్రికాకు పోయి, బార్బర్టన్‌లో పత్తిపై పనిచేసి, ఆకు నూగు దట్టముగా నున్న మొక్కలను పచ్చదోమ అంతగా బాధింపదని కనిపెట్టి, యు-4 అను రకమును తీసెను. పచ్చదోమ పర్చూరు పత్తిరైతున కెంత పరిచిత శత్రువో వేరుగ చెప్ప నక్కరలేదు.

గుంటూరు చెంత లాం గ్రామమున పరిశోధనక్షేత్రము 1922లో వెలసెను. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో ప్రారంభమాయెను. పర్చూరునకు రెండును చేరువవే. అక్కడి శాస్త్రజ్ఞులు దశాబ్దములపాటు చేసినది సంకరములు తీయుట కాదు, రకములు తీయుట. రెంటికిని భేదము తెలిసిననేగాని ముందు కథ తెలియదు. రెండు జాతులను కలిపి, పుట్టిన సంతతిని తమంతట ఫలింపనిచ్చినచో, తరమునకు తరము విషమజతలు సగమగుచు వచ్చును: రెండవ తరమున సగము, మూడవ తరమున పాతిక, నాలుగవ తరమున రెండణాల వంతు, ఏడెనిమిది తరములకు దాదాపుగా జతలోని రెండును ఒకటే యైన మొక్కలే మిగులును. ఆ దశలో జత విడిపోవుట ఆగదు; విడిపోయినను రెండుచోట్ల చేరునది ఒకటే గనుక భేదము కనబడదు. అందుచే రకపు విత్తనమును రైతు దాచుకొని మరుసటి యేడు విత్తుకొన్నను పైరు పోలికతప్పదు. ఈ ఓపికపనికి ఫలముగా లభించిన విత్తనమును రైతు ఒకమారు తెచ్చుకొనిన చాలును. లాం క్షేత్రమువారు ఇట్లే మిరపలో జి-4 మొదలగు రకములను, తరువాత ఎల్.సి.ఏ.-334 మొదలగువానిని తీసిరి.

సంకర విత్తనపు మార్గము దీనికి విరుద్ధము. రెండు శుద్ధజాతులను కలిపినప్పుడు తొలితరమునకు అబ్బు బలమును, ఏకరూపతను ఆ యొక్క తరములోనే వాడుకొని వదలివేయుట దాని పద్ధతి. తెలుగు రైతులకు ఈ రుచి ముందుగ చూపినవి మొక్కజొన్నయు జొన్నయు. 1964లో విడుదలయిన సి.ఎస్.హెచ్.-1 అను సంకర జొన్న వెనుక నీలంరాజు గంగాప్రసాదరావుగారి కృషి కలదు. పత్తిలో 1970లో సూరత్ పరిశోధనక్షేత్రమున సి. టి. పటేల్ తీసిన హెచ్-4 లోకములోనే వాణిజ్యముగా సాగునకు వచ్చిన మొదటి సంకర పత్తి. రెండేండ్లకు ధార్వాడలో కటార్కి, అమెరికా పత్తిని పొడుగుపింజల ఈజిప్టు జాతిపత్తితో కలిపి వరలక్ష్మిని తెచ్చెను. పొగాకు ధరల ఆటుపోట్లతో విసిగియున్న గుంటూరు, ప్రకాశము రేగళ్ళలో ఆ దశాబ్దమున పొడుగుపింజ పత్తి దావానలమై ప్రాకినది. కొందరు ఇక్కడి పొలములు చాలక, రాయచూరు, వరంగల్లు వైపులకు పోయి కౌలుకు పట్టి అక్కడను పత్తి వేసిరి.

ఈ విత్తనమును తయారుచేయు పనిని మనవారు క్రాసింగ్ అందురు. మరునాడు విచ్చవలసిన మొగ్గను సాయంకాలమున పట్టి, బొటనవ్రేలి గోటితో రేకులను కేసరముల గొట్టమును గింజకు దెబ్బ తగులకుండ ఒలిచి, గురుతుగా కాగితపు సంచి తొడిగి, మరునాటి యుదయమున మగవరుసనుండి కోసి తెచ్చిన పువ్వును దాని కీలాగ్రమునకు రాయవలెను. ప్రతి కాయ ఇట్లు మనుష్యుని చేతిలో పుట్టవలసినదే. ఎకరమునకు వేలకు వేలు. నంద్యాల ప్రాంతమును, పాలమూరు చేలును ఈ పనికి పేరుమోసినవి; అందు చదువు మానిన ఆడపిల్లల వ్రేళ్ళు ఎన్నో అరిగినవి. ఇంతటి శ్రమకు వెల యుండవలసినదే. దానికి నేను అడ్డుచెప్పను.

కాని సంకర పత్తి కాయలోని గింజను రైతు దాచి విత్తినచో నేమగును? సంకర మొక్కలో విషమజతలు వేలకు వేలు. మొగ్గలోపల అవి యన్నియు విడిపోయి, ఏ రేణువునకు ఏది పోయినదో చెప్పజాలని రీతిగా చేరును. మరుసటి చేనిలో ఒక మొక్క నడుమెత్తు, ఒకటి తలయెత్తు. ఒకదాని కాయ పెద్దది, ఒకదానిది పిట్టకాయ. ఒకదాని పింజ పొడుగు, ఒకదానిది పొట్టి. ఒకటి ముందు పగులును, ఒకటి పండుగ దాటినను పగులదు. మిల్లువాడు అట్టి పత్తిని చూచి ధర తగ్గించును. గింజలో దోషము లేదు. విత్తనము మాట తప్పినదనుటయు తప్పు. మెండెల్ పెరటిలో ఏ నియమము నడిచినదో అదే ఈ చేనిలో నడిచినది. అయినను ఆ నియమమే విత్తనవర్తకునకు తాళపుచెవి లేని తాళమై, రైతును ఏటేట అంగడికి రప్పించినది. 2001లో మన పార్లమెంటు, మొక్కల రకముల పరిరక్షణ, రైతుహక్కుల చట్టము చేసి, పండించిన విత్తనమును దాచుకొని, విత్తుకొని, మార్చుకొని, ముద్ర లేక అమ్ముకొను హక్కు రైతునకు గలదని స్పష్టముగ వ్రాసెను. హక్కు కాగితముపై నిలిచినది. అప్పటికే పత్తిచేలలో అధికభాగమున దానిని వినియోగించుకొనుటకు తగిన గింజ లేదు. ఇందు తప్పు జీవధర్మమునకు అంటగట్టుట న్యాయము కాదు. రకముల మార్గము మూతపడలేదు. తెల్లదోమను కొంత తట్టుకొను కాంచన యను రకమును లాం క్షేత్రమే తీసినది. ఏ త్రోవకు ధనము, ప్రచారము, అప్పు దొరకినవో ఆ త్రోవ వెడల్పైనది. అది మనుష్యులు చేసిన నిర్ణయము.

1984-85లో తెల్లదోమ ఈ సీమ పత్తిని మాడ్చినది. ఆ దశాబ్దారంభమున వచ్చిన సింథటిక్ పైరెత్రాయిడ్ మందులను వారమునకొకమారు కొట్టగా కొట్టగా శనగపచ్చ పురుగు వానికి లొంగకపోయెను. పురుగులోను జతలు కలవు, విడిపోవుట కలదు, మందుకు తట్టుకొను కారకము గల కొద్ది పురుగులే మిగిలి వంశమును నిలిపినవి. 1987-88లో ప్రకాశము జిల్లా పత్తిరైతుల ఆత్మహత్యలు దేశమున కెఱుకపడినవి. కౌలు, మందులకొట్టు అప్పు, పండని పంట ఈ మూడును ఒక్క యేట కలసివచ్చిన కుటుంబముల సంగతి ఇది. విత్తనశాస్త్రపు వ్యాసములో దీనిని రెండు వాక్యములలో దాటవలసివచ్చుట నాకు కష్టముగనే యున్నది.

2002 మార్చిలో బి.టి. పత్తికి దేశమున అనుమతి లభించెను. ఒక నేలబాక్టీరియానుండి తీసిన విషపు జన్యువు మొక్కలోనే యుండి, కాయతొలుచు పురుగును చంపునన్నది దాని ప్రతిజ్ఞ. కొన్నియేండ్లు మందుల ఖర్చు తగ్గెను. దీనిని కాదనుట సత్యము కాదు. 450 గ్రాముల పొట్లము వెల పదునారు వందలు దాటగా ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2006లో గుత్తవ్యాపార నియంత్రణ సంఘమునెదుట వాదించి, దానిని 750 రూపాయలకు దింపించెను. అయితే పెక్కు అన్యదేశములలో ఈ జన్యువును రకములలో నిలుపగా, మనదేశమున సంకరములలోనే పెట్టిరి. దీనిలో నున్న చిక్కు పత్తికాయను విప్పి చూచిననే తెలియును.

సంకరపు మొక్కలో విషజన్యువు ఒక్క వైపునుండియే వచ్చినది. జతలో రెండవ స్థానము ఖాళీ. అందుచే ఆకులు, రేకులు, కాయతొక్కు అన్నిటను విషముండును. కాని కాయలోపలి గింజ తరువాతి తరము గదా! పుప్పొడిలో సగమునకు జన్యువు కలదు, సగమునకు లేదు, అండములలోను అంతే. కావున ఒకే కాయలో నాలుగింట మూడు గింజలు విషము గలవి, ఒకటి లేనిది. 2006లో వచ్చిన రెండు జన్యువుల పత్తిలో పదునారింట తొమ్మిదింటికి రెండును, మూడింటికి ఒకటి, మరి మూడింటికి రెండవది, ఒకదానికి ఏదియు లేదు. గులాబిరంగు పురుగు ఆకు తినునది కాదు. కాయలో దూరి గింజనుండి గింజకు పోవునది. నిండు విషము, అరవిషము, విషము లేని గింజ ఒకే గూటిలో వరుసగా దొరకుట, ఆ పురుగు తట్టుకొను శక్తిని పెంచుకొనుటకు మనము ఏర్పరచిన పాఠశాల యైనది. గుజరాతు పత్తిచేలలో తొలిజన్యువునకు ఈ పురుగు లొంగకుండుట 2010లో బయటపడెను. 2014-15 నాటికి రెండవ జన్యువునకును లొంగలేదు. వెనువెంటనే తెలుగునేలలోను గుడ్డికాయలు, గింజ తొలిచిన పత్తి కల్లములకు వచ్చినవి.

బి.టి. పొట్లముతో పాటు 120 గ్రాముల మామూలు పత్తివిత్తనమును ఉచితముగ నిచ్చెడివారు, చేనిచుట్టు వేయుమనిరి. తట్టుకొను కారకము అంతర్గతమైనప్పుడు, ఆ వరుసలలో బ్రదికిన లొంగు పురుగులు తట్టుకొను పురుగులతో జతకట్టి, వాని సంతతిలో ఆ కారకమును ఒంటరిజేసి, విషమునకు బలిచేయవలెనన్నది అందలి యుక్తి. పృథక్కరణ సూత్రమునే పురుగుమీద ప్రయోగించుట. అయితే దిగుబడి తగ్గునను భయమున చాలమంది రైతులు ఆ పొట్లమును విత్తలేదు. చీనాలో యాంగ్‌ట్సీ లోయలో మాత్రము విచిత్రము జరిగినది: అక్కడి రైతులు సంకరపు రెండవ తరము విత్తనమునే చౌకయని కొని వేయగా, చేనిలో నాలుగింట నొక మొక్క విషము లేనిదై, ఆ మొక్కలే పురుగు లొంగుబాటును కాపాడినవని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఒకే విడిపోవుట, కాయలోపల జరిగి మనకు కీడు చేసినది, మొక్కకు మొక్కగా జరిగి అక్కడ మేలు చేసినది.

మిరప సంగతి కొంత వేరు. మిరపపువ్వు చాలవరకు తన పుప్పొడితోనే ఫలించును, తేనెటీగ కొంత కలుపును. కారమునకు మూలమైన కారకము ఒకటనియు, అది బహిర్గతమనియు దేశ్‌పాండే 1935లోనే మన మిరపపై ప్రయోగములు చేసి తేల్చెను; కారపుమిరపను చప్పనిదానితో కలిపిన రెండవ తరమున మూడింట కారము, ఒకదానిలో చప్పదనము. పండుకాయలలో నెమ్ము లేనివి, తాలు కానివి ఏరి, కల్లములో విడిగా ఎండబెట్టి విత్తనమునకు దాచుట గుంటూరు, పర్చూరు సీమలలో నిన్నమొన్నటి వరకు సామాన్యమైన యాచారము. ఇప్పుడు అచ్చటను సంకరపు పొట్లము వచ్చినది, అదియు పది గ్రాముల లెక్కన.

పత్తి, పొగాకు నష్టములతో విసిగిన ప్రకాశము రైతులు 1990 దశాబ్దము పిమ్మట రేగళ్ళలో శనగ వైపు మరలిరి. 1999లో ఇక్రిశాట్ పరిశోధనసంస్థయు, జబల్‌పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమును కలసి విడుదలచేసిన జె.జి.-11 అను దేశవాళీ రకమును, దానితోపాటు కె.ఎ.కె.-2 అను కాబూలీ రకమును పర్చూరు, ఒంగోలు ప్రాంతములలో వేల యెకరములను ఆక్రమించినవి. శనగ బఠాణీ కుటుంబములోనిది. పువ్వు విచ్చకమునుపే తనలో తాను ఫలించునది. దాని జతలు విడిపోయినను కలియునవి ఒకటే. అందుచే ఒకమారు తెచ్చిన విత్తనమును రైతు ఏటేట దాచుకొని, ఇరుగుపొరుగున కిచ్చి, మరల విత్తుచున్నాడు. 2013, 2014 ప్రాంతములలో శనగ ధర పడిపోగా ఆ దాచిన గింజలే శీతల గిడ్డంగులలో బస్తాలుగా పేరుకొని, రైతులు గిడ్డంగి అద్దెకును బ్యాంకు వడ్డీకిని సతమతమైరి.